"ఈరోజు అస్సలు బాలేదు" అని ఇంగ్లీషులో చెప్పాలంటే ఏ మాట వాడాలి?

పొద్దున పాలు విరిగిపోయాయి. మియాపూర్ దాటకముందే బండి పంక్చరైంది, ఆఫీసుకి గంట లేటు, లంచ్ బాక్సు ఇంట్లోనే మర్చిపోయాను. సాయంత్రం అమెరికా వాళ్లతో కాల్. అవతలాయన మామూలుగానే "హౌ ఈజ్ యువర్ డే గోయింగ్?" అన్నాడు. నా మనసులో ఉన్నది "ఏం బాలేదండీ, చిరాగ్గా ఉంది" అన్న మాట. దాన్నే అప్పటికప్పుడు ఇంగ్లీషులోకి మార్చి "ఐ యామ్ వెరీ డిస్టర్బ్‌డ్ టుడే" అన్నాను. కాల్‌లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆయన చాలా మెల్లగా, జాగ్రత్తగా, కాల్ నుంచి కాసేపు పక్కకి వెళ్తారా అని అడిగాడు. కాల్ అయ్యాక మా మేనేజర్ నన్ను విడిగా పిలిచి "ఇంట్లో అంతా బాగానే ఉందా? ఏదైనా ఉంటే చెప్పు" అన్నారు. పంక్చర్ సంగతి చెప్పాక గానీ ఆవిడ ఊపిరి పీల్చుకోలేదు.

"డిస్టర్బ్‌డ్" మన దగ్గర చాలా మామూలు మాట. కానీ అక్కడ ఒక మనిషి తన గురించి అలా చెప్పుకుంటే, మనసు బాగా దెబ్బతిన్నదనో, మానసికంగా స్థిమితంగా లేరనో అనుకుంటారు. నేను చెప్పాల్సింది "ఇట్స్ బీన్ వన్ ఆఫ్ దోజ్ డేస్" అన్న చిన్న ముక్క. అంతటితో నవ్వేసి పనిలోకి వెళ్లిపోయేవాళ్లు. ఆ రోజు నుంచి ఈ మాటల్ని గమనించడం, రాసుకోవడం అలవాటైంది. ఇంగ్లీషు బాగా వచ్చిన వాళ్లు కూడా సరిగ్గా ఇక్కడే తడబడతారు, ఎందుకంటే రోజు బాలేనప్పుడు మనకి తెలుగే ముందు వస్తుంది, దాని వెనకాల ఇంగ్లీషు పరిగెత్తుతుంది.

అందుకని మాట ఎంచుకునే ముందు రెండు సంగతులు తేల్చుకోండి. ఒకటి, రోజు ఏ రకంగా చెడింది: అలసటా, దురదృష్టమా, కోపమా, దిగులా? రెండోది ఇంకా ముఖ్యం, వినేవాళ్ల నుంచి మీకేం కావాలి: ఓదార్పా, సెలవా, కాసేపు ఒంటరిగా వదిలేయడమా, లేక ఆలస్యానికి మన్నింపా? ఈ రెండూ తేలితే మాట దానంతటదే దొరుకుతుంది. తెలుగు వాక్యాన్ని పట్టుకుని దానికి ఇంగ్లీషు వెతికితే మాత్రం దొరకదు.

బ్యాడ్, రఫ్, టఫ్, లాంగ్

ఎక్కువగా వాడేవి ఈ నాలుగే. నాలుగూ ఒకటే అనుకుంటాం, కాదు.

"బ్యాడ్ డే" అంటే తప్పేం లేదు, ఎవరికైనా అర్థమవుతుంది. కాకపోతే అందులో సమాచారం తక్కువ. విన్నవాళ్లు "ఏమైంది?" అని అడగక తప్పదు, మీరు మొత్తం కథ చెప్పకా తప్పదు. కథ చెప్పే ఓపిక ఉంటేనే ఇది వాడండి.

"రఫ్ డే" నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట. మా అక్క వాళ్లు డాలస్‌లో ఉంటారు. అమ్మ అక్కడికి వెళ్లిన కొత్తలో, రెండో తరగతి చదివే మనవడు స్కూలు నుంచి వచ్చి బ్యాగు సోఫాలో పడేసి "అమ్మమ్మా, ఐ హ్యాడ్ ఎ రఫ్ డే" అన్నాడు. అమ్మకి తెలిసిన రఫ్ అంటే రఫ్‌గా మాట్లాడటం, రఫ్‌గా తోసేయడం. "ఎవర్రా నాన్నా కొట్టింది?" అంటూ వాడి చొక్కా పైకెత్తి వీపు చూసింది, చేతులు చూసింది, వాడు ఏం చెప్తున్నా వినకుండా అక్కకి ఫోన్ చేసేసింది. వాడికి జరిగిందల్లా స్పెల్లింగ్ టెస్టులో మూడు తప్పులు పోవడం, రోజూ పక్కన కూర్చుని తినే స్నేహితుడు ఆ రోజు బడికి రాకపోవడం. ఏడేళ్ల పిల్లాడికి అది నిజంగా బరువైన రోజే, వాడు సరైన మాటే వాడాడు. మన తెలుగులో రఫ్ అనేది మనిషి తీరు. ఇంగ్లీషులో రోజుకి తగిలిస్తే మాత్రం గతుకుల రోడ్డు మీద ప్రయాణం లాంటిది, ఊరు చేరాం గానీ ఒళ్లు హూనమైంది. ఎవరి తప్పూ ఎత్తి చూపదు, వివరాలు అడగమనీ అనదు, కాస్త ఆప్యాయంగా చూడమని మాత్రం చెప్తుంది. స్నేహితులతో, ఇంట్లో, దగ్గరి సహోద్యోగులతో కళ్లు మూసుకుని వాడొచ్చు.

"టఫ్ డే"లో కొంచెం పోరాటం ఉంది. పని కష్టంగా ఉంది, నిలబడ్డాను అని. టీమ్‌లో ఇద్దరి ఉద్యోగాలు పోయిన రోజు, నైట్ డ్యూటీలో వరసగా ఎమర్జెన్సీలు వచ్చిన రోజు, ఇలాంటివాటికి బాగుంటుంది. బండి పంక్చరైతే టఫ్ డే అనరు. "హార్డ్ డే" దీనికి దగ్గరిదే, శారీరక కష్టం వైపు కాస్త ఎక్కువ మొగ్గుతుంది.

ఇక "లాంగ్ డే". దీన్ని మనవాళ్లు గంటల లెక్కన అర్థం చేసుకుంటారు, పన్నెండు గంటలు పనిచేస్తేనే వాడాలేమో అనుకుంటారు. అక్కర్లేదు. నాలుగింటికే ఇంటికొచ్చినా "ఇట్స్ బీన్ ఎ లాంగ్ డే" అనొచ్చు, రోజు ఎంతకీ గడవలేదు, అలసిపోయాను అని అర్థం. ఇందులో ఫిర్యాదు లేదు, వ్యక్తిగతం ఏమీ బయటపడదు. పైగా మర్యాదగా లేచి వెళ్లిపోవడానికీ, "ఈ మాట రేపు మాట్లాడుకుందాం" అనడానికీ పనికొస్తుంది. ఆఫీసులో పైవాళ్లతో, కొత్తవాళ్లతో, క్లయింట్లతో ఏది వాడాలో తెలియకపోతే ఇదే వాడండి.

వీటిని ఏ కాలంలో చెప్తున్నారన్నది కూడా చూసుకోవాలి. తెలుగులో "ఈరోజు బాలేదు" అంటే పొద్దున పదకొండింటికీ చెల్లుతుంది, రాత్రి పదింటికీ చెల్లుతుంది. ఇంగ్లీషులో రోజు ఇంకా నడుస్తుంటే "ఐ యామ్ హావింగ్ ఎ రఫ్ డే", సాయంత్రమై ఆ బరువు ఇంకా దిగకపోతే "ఇట్స్ బీన్ ఎ రఫ్ డే", అయిపోయి వెనక్కి తిరిగి చెప్తుంటే "ఐ హ్యాడ్ ఎ రఫ్ డే". వీటిని వదిలేసి "టుడే ఈజ్ నాట్ గుడ్ ఫర్ మీ" అన్నారనుకోండి, అవతలివాళ్లు "సరే, గురువారం పెట్టుకుందామా?" అంటారు. ఎందుకంటే ఆ వాక్యానికి అర్థం "ఈరోజు నాకు కుదరదు" అని.

ఎవరి మొహం చూసి లేచానో

ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు, పుస్తకాల్లో కూడా తప్పుగా జత కలిపి ఉండటం చూశాను. "ఎవరి మొహం చూసి లేచానో" అన్నదానికి "గాట్ అప్ ఆన్ ది రాంగ్ సైడ్ ఆఫ్ ది బెడ్" అని రాస్తారు. రెండిట్లోనూ నిద్రలేవడం ఉంది, అంతవరకే పోలిక. మన మాట అదృష్టం గురించి. నేను బాగానే ఉన్నాను, పనులే ఒక్కటీ అవ్వట్లేదు. ఇంగ్లీషు మాట మూడ్ గురించి. పనుల సంగతి పక్కనపెట్టు, మనిషే పొద్దున్నుంచి చిటపటలాడుతున్నాడు. కాబట్టి మీరు క్లయింటుతో "ఐ గాట్ అప్ ఆన్ ది రాంగ్ సైడ్ ఆఫ్ ది బెడ్" అంటే, సర్వర్ డౌన్ అయిందని కాదు, ఈరోజు నాతో జాగ్రత్తగా మాట్లాడండి, కసురుకుంటాను అని చెప్పినట్టు. ఎక్కువగా దీన్ని ఇంకొకళ్ల గురించే వాడతారు, అదీ కాస్త విసుక్కుంటూ.

"ఎవరి మొహం చూసి లేచానో"కి దగ్గరగా వచ్చేవి రెండు. ఒకటి "ఇట్స్ జస్ట్ నాట్ మై డే", ఈరోజు నాది కాదు అని. రెండోది నేను ఆ రోజు అనాల్సిన "వన్ ఆఫ్ దోజ్ డేస్". రెండిటికీ తేడా ఉంది. పెద్దది ఒక్కటే జరిగినా, ఉదాహరణకి ఇంటర్వ్యూ పోయినా, "నాట్ మై డే" సరిపోతుంది. చిన్నచిన్నవి వరసగా జరిగితే, పాలు, పంక్చరు, లంచ్ బాక్సు, అప్పుడు "వన్ ఆఫ్ దోజ్ డేస్". ఇందులో "నీకూ ఇలాంటివి ఉంటాయిగా" అన్న చనువు కూడా ఉంది, అందుకే విన్నవాళ్లు వెంటనే దగ్గరవుతారు. ఎవరైనా పోయారన్న కబురు వచ్చిన రోజుకి మాత్రం ఈ మాట వాడకండి, మరీ తేలికైపోతుంది.

ఆగకుండా తప్పులు జరుగుతుంటే "మర్ఫీస్ లా" అంటారు. తప్పు జరగడానికి వీలుంటే జరిగే తీరుతుంది అని. ఇది 1949లో కాలిఫోర్నియాలో, ఇప్పుడు ఎడ్వర్డ్స్ అని పిలిచే ఎయిర్‌ఫోర్స్ బేస్‌లో పుట్టిందని చెప్తారు. రాకెట్ బండి మీద జరిగే పరీక్షల కోసం ఎడ్వర్డ్ మర్ఫీ అనే ఇంజినీర్ తెచ్చిన సెన్సర్లకి వైర్లు తిరగేసి కలిపారు, దాంతో రీడింగ్ ఏమీ రాలేదు, ఆ విసుగులో ఆయన అన్నదే ఈ మాటకి మూలమట. అందుకే టెక్నికల్ పనివాళ్ల మధ్య ఈ మాట బాగా అతుకుతుంది, మీ అత్తగారి ఊరు నుంచి బస్సు దొరకని కథకి అంతగా అతకదు.

గ్రహచారం, వర్జ్యం, దుర్ముహూర్తం లాంటివి ఇంగ్లీషులో చెప్పలేమని బాధపడతాం గానీ, వాళ్ల పాత మాటల్లోనూ పంచాంగం ఉంది. "డిస్మల్" అనే మాట చూడండి. మధ్యయుగపు లాటిన్‌లో "డియెస్ మాలి" అంటే చెడ్డ రోజులు. అప్పటి యూరప్ క్యాలెండర్లలో నెలకి రెండు చొప్పున ఏడాదికి 24 రోజుల్ని అశుభమని గుర్తు పెట్టేవాళ్లు, వాటికే "ఈజిప్షియన్ డేస్" అన్న పేరు కూడా ఉండేది. అంటే అమావాస్య పూట ప్రయాణం వద్దనే మన నాయనమ్మల్లాంటి వాళ్లు అక్కడా ఉండేవాళ్లన్నమాట. "డిజాస్టర్" కూడా అంతే, దాని లోపల ఉన్నది నక్షత్రం, చెడ్డ నక్షత్రం. మన "గ్రహచారం బాలేదు" అక్షరాలా అందులో ఉంది. ఇప్పుడు వాడుకలో మాత్రం "డిస్మల్" ఎక్కువగా వాతావరణానికీ, ఆటలో చెత్త ప్రదర్శనకీ వెళ్లిపోయింది. "ది మీటింగ్ వాజ్ ఎ డిజాస్టర్" అని స్నేహితుడితో అనొచ్చు, ఆ మీటింగ్ పెట్టినాయనకి మాత్రం కాపీ వెళ్లే మెయిల్‌లో రాయకండి.

"నా టైం బాలేదు" అన్నప్పుడు మనం ఒక రోజు గురించి మాట్లాడటం లేదు, నెలల గురించి మాట్లాడుతున్నాం. దానికి "మై టైమ్ ఈజ్ బ్యాడ్" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "ఐ యామ్ గోయింగ్ త్రూ ఎ రఫ్ ప్యాచ్" అనండి, చక్కగా సరిపోతుంది. ఏడాది మొత్తం అలా గడిస్తే ఎలిజబెత్ రాణి చెప్పిన మాట ఉండనే ఉంది. కోట తగలబడి, పిల్లల కాపురాలు చెదిరిన 1992ని ఆవిడ ఆ నవంబరులో చేసిన ప్రసంగంలో "ఆనస్ హారిబిలిస్" అంది, లాటిన్‌లో భయంకరమైన సంవత్సరం అని. మనం వాడితే మరీ బరువుగా ఉంటుంది, ఎవరైనా వాడితే అర్థం కావడానికి చెప్తున్నాను.

మన ఇంగ్లీషు, వాళ్ల ఇంగ్లీషు

మన దగ్గర రోజూ వాడుతూ, బయట వాడితే ఇబ్బంది పెట్టే మాటలు కొన్ని ఉన్నాయి. ఇవి తప్పు ఇంగ్లీషు అని నేను అనను, హైదరాబాద్‌లో, విజయవాడలో, బెంగళూరులో మనవాళ్ల మధ్య హాయిగా నడుస్తాయి. బయటివాళ్లతో అయితే మార్చుకోవాలి.

"ఆఫ్ డే" అంటే మనకి సెలవు. వాళ్లకి సెలవు "డే ఆఫ్". "ఆఫ్ డే" అంటే మామూలుగా బాగా చేసేవాడు ఆ రోజు సరిగ్గా చేయలేకపోయాడని. మంచి బౌలర్ నాలుగు ఓవర్లలో యాభై పరుగులు ఇచ్చేశాడనుకోండి, "హి హ్యాడ్ ఆన్ ఆఫ్ డే" అంటారు. మీ పనిలో పొరపాటు జరిగి ఒప్పుకోవాల్సి వస్తే ఇది చాలా మంచి మాట, మామూలుగా నేనిలా చేయను అన్న ఆత్మగౌరవం కూడా అందులో ఉంటుంది. క్రికెట్ కెప్టెన్లు ఓడిపోయాక "బ్యాడ్ డే ఎట్ ది ఆఫీస్" అంటుంటారు, అక్కడ ఆఫీసు ఏమీ లేదు, మైదానమే వాళ్ల ఆఫీసు.

"మూడ్ ఆఫ్", "మూడ్ అవుట్" బయట అర్థం కావు. కోపంగా ఉంటే "ఐ యామ్ ఇన్ ఎ బ్యాడ్ మూడ్", దిగులుగా ఉంటే "ఐ యామ్ ఫీలింగ్ లో" లేదా "ఎ బిట్ డౌన్". ఈ రెండూ తెలుగులో ఒకే మాటలో ఇమిడిపోతాయి గానీ ఇంగ్లీషులో విడదీయక తప్పదు. "టెన్స్‌డ్" బదులు "స్ట్రెస్డ్" అనండి. "ఐ యామ్ ఇరిటేటింగ్" అని రాసిన మెసేజ్‌లు నేను ఎన్నో చూశాను, అలా రాస్తే నాకు చిరాగ్గా ఉందని కాదు, నేనే అందరికీ చిరాకు తెప్పిస్తానని అర్థం. కావాల్సింది "ఇరిటేటెడ్". "బోరింగ్", "బోర్డ్" కూడా అంతే.

ఎదుటివాళ్ల గురించి మనం ప్రేమగా అడిగే "ఏంటలా డల్‌గా ఉన్నావ్?" అన్నది కూడా జాగ్రత్తగా వాడాలి. "యు ఆర్ లుకింగ్ డల్" అంటే నువ్వు కళాకాంతీ లేకుండా ఉన్నావని, ఇంకా ముందుకెళ్తే నీతో విసుగని. ప్రేమతో అన్నమాట మనసుకి గుచ్చుకుంటుంది. "యు సీమ్ ఎ బిట్ డౌన్ టుడే, ఎవ్రీథింగ్ ఓకే?" అంటే మీ ఆప్యాయత అలాగే చేరుతుంది.

"హెక్టిక్" మనకి మహా ఇష్టం. ఒకప్పుడు క్షయ రోగుల్లో కనిపించే జ్వరానికి "హెక్టిక్ ఫీవర్" అని పేరు, ఆ ఒళ్లు కాలిపోయే హడావుడే ఇప్పుడు పనికి అంటుకుంది. అది బిజీ రోజు గురించి చెప్తుంది, చెడ్డ రోజు గురించి కాదు. పెళ్లి పనుల రోజు కూడా హెక్టిక్కే, కానీ ఆనందంగా ఉంటుంది. "అండర్ ది వెదర్" అంటే ఒంట్లో కాస్త నలతగా ఉందని, మనసు బాలేదని కాదు. జలుబుకి వాడండి, బాస్ తిట్టినదానికి వాడకండి.

డే అన్న మాట ఉంది కదా అని చెడ్డ రోజుకి తగిలించకూడనివి మరి కొన్ని. "రెడ్ లెటర్ డే" అంటే ఎరుపు కాబట్టి ప్రమాదమేమో అనిపిస్తుంది, కాదు, అది గుర్తుండిపోయే మంచి రోజు. పాత చర్చి క్యాలెండర్లలో పండగల్ని ఎర్రగా రాసేవాళ్లు, మన గోడ క్యాలెండర్లో సెలవులు ఎర్రగా ఉన్నట్టే. "రెయినీ డే" అంటే డబ్బుకి కటకటలాడే రోజు, దానికోసం దాచుకోమంటారు. "బ్లాక్ డే" దేశానికో, సమాజానికో వచ్చిన విపత్తుకి. 1987 అక్టోబరు 19న అమెరికా స్టాక్ మార్కెట్ సూచీ డౌ జోన్స్ ఒక్కరోజులో 22.6 శాతం పడిపోయింది, దాన్ని "బ్లాక్ మండే" అంటారు. మీ ప్రమోషన్ ఆగిన రోజుకి ఆ మాట పెద్దది. "సీన్ బెటర్ డేస్" అన్నది పాతబడిన సోఫాకి, అరిగిన చెప్పులకి. మీ గురించి చెప్పుకోవాలంటే "ఐ హావ్ హ్యాడ్ బెటర్ డేస్" అనండి.

సామెతలు

మన సామెతలకి ఇంగ్లీషు జత వెతకడం నాకు ఇష్టమైన పని. ఒక్కటి మాత్రం అచ్చంగా అతుకుతుంది: పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టు. "అవుట్ ఆఫ్ ది ఫ్రైయింగ్ పాన్, ఇంటు ది ఫైర్". పెనం అదే, పొయ్యి అదే. ఒక చిక్కు తప్పించుకోబోయి ఇంకా పెద్దదాంట్లో పడ్డ రోజుకి ధైర్యంగా వాడండి.

మిగతావి అంత తేలిగ్గా కుదరవు. గోరుచుట్టు మీద రోకటిపోటుకి అందరూ "వెన్ ఇట్ రెయిన్స్, ఇట్ పోర్స్" అంటారు. నాకైతే అది సగమే సరి. గోరుచుట్టు ఉన్న వేలి మీదే రోకలి పడింది, అంటే ఉన్న నొప్పి మీదే ఇంకో నొప్పి. జ్వరంతో సెలవు అడిగితే జీతం కోసినట్టు. దానికి "టు మేక్ మ్యాటర్స్ వర్స్" గానీ, అవమానం కూడా కలిస్తే "టు యాడ్ ఇన్సల్ట్ టు ఇంజురీ" గానీ బాగుంటాయి. వాన సామెత వేరువేరు కష్టాలు ఒకేసారి మీద పడ్డప్పుడు: ఇంట్లో గీజర్ పోయింది, అదే వారం ఫోన్ పగిలింది, అదే వారం పిల్లకి జ్వరం. ఆ సామెతకి ఒక చిత్రమైన చరిత్ర ఉంది. అది పాతదే, కానీ 1914లో అమెరికాలో మోర్టన్ అనే ఉప్పు కంపెనీ గొడుగు పట్టుకున్న చిన్నపిల్ల బొమ్మ పక్కన దాన్ని మంచి అర్థంలో వేసుకుంది, వానపడి గాల్లో తేమ ఉన్నా మా ఉప్పు గడ్డకట్టదు, ధారగా జారుతుంది అని. కష్టాల సామెత అలా ఉప్పు డబ్బా మీదకెక్కింది.

"చుక్కలు కనిపించాయి" అన్నదాన్ని ఎప్పుడూ మార్చకండి. "ఐ సా స్టార్స్" అంటే తలకి దెబ్బ తగిలి కళ్ల ముందు మెరుపులు వచ్చాయని. మీ ఆడిటర్ చుక్కలు చూపించాడని చెప్పాలంటే "హి పుట్ మీ త్రూ ది రింగర్" అనాలి. రింగర్ అంటే తడిబట్టల్ని రెండు రోలర్ల మధ్య పెట్టి నీళ్లు పిండే పాత యంత్రం, మనిషిని అలా పిండేశాడని. తల ప్రాణం తోకకి రావడానికి మాత్రం ఇన్నేళ్లలో నాకు సరైన జత దొరకలేదు. "ఇట్ టుక్ ఎవ్రీథింగ్ అవుట్ ఆఫ్ మీ" దగ్గరగా వస్తుంది గానీ ఆ తోక అందులో లేదు.

ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్లకి ఒక మాట. స్పీకింగ్ రెండో భాగంలో ఒక నిమిషం ఆలోచించుకోవడానికి ఇచ్చి, రెండు నిమిషాల వరకు మాట్లాడమంటారు. కష్టమైన రోజు గురించి అడిగితే అమీర్‌పేట కోచింగ్‌లో బట్టీ పట్టిన ఇడియమ్స్ అరడజను కుమ్మరించేవాళ్లు ఉంటారు. వద్దు. "వన్ ఆఫ్ దోజ్ డేస్"తో మొదలుపెట్టి, మధ్యలో "టు మేక్ మ్యాటర్స్ వర్స్" ఒక్కసారి వాడి, మిగతాదంతా జరిగింది జరిగినట్టు మామూలు మాటల్లో చెప్పండి. ఇడియమ్ సహజంగా పడితేనే మార్కు, వరసపెట్టి పేరిస్తే బట్టీ అని ఇట్టే తెలిసిపోతుంది.

ఏ దేశం, ఎవరితో

బ్రిటన్‌లో "ఐ యామ్ షాటర్డ్" అంటే బాగా అలసిపోయానని, ఏ మంగళవారమైనా అనే మాట. అమెరికాలో అదే మాట గుండె బద్దలైందని. "గట్టెడ్" బ్రిటన్ మాట, ఆశపడ్డది చేజారితే అంటారు. "పిస్డ్" ఎక్కడా మర్యాదైన మాట కాదు, పైగా అమెరికాలో కోపం, బ్రిటన్‌లో తాగి ఉండటం. లండన్ క్లయింటు గురించి అలా అన్నారంటే పరువు నష్టమే. "హెల్ ఆఫ్ ఎ డే" కూడా రెండువైపులా తెగే కత్తి, గొప్ప రోజుకీ ఘోరమైన రోజుకీ అదే, గొంతుని బట్టి అర్థం. గొంతు వినిపించని చాట్‌లో వాడకండి. "సక్స్" లాంటివి స్నేహితుల వరకే ఉంచండి.

సెలవు కోసం రాసేటప్పుడు రోజు ఎలా ఉందో వర్ణించే పనే లేదు. "సమ్‌థింగ్ పర్సనల్ హాజ్ కమ్ అప్, ఐ నీడ్ టు టేక్ ది రెస్ట్ ఆఫ్ ది డే ఆఫ్" చాలు. మనకి కారణం వివరంగా చెప్పకపోతే అబద్ధమనుకుంటారేమో అన్న భయం ఉంటుంది, అందుకే మామయ్యకి ఏ ఊళ్లో ఏ ఆపరేషనో కూడా రాసేస్తాం. నేనూ ఏళ్ల తరబడి అలాగే రాశాను. ఈ ఒక్క వాక్యాన్ని ఇప్పటివరకు ఎవరూ తిరిగి ప్రశ్నించలేదు.

"డిప్రెస్డ్" అన్న మాట విడిగా చెప్పాలి. ఒక్క రోజు బాలేదని దాన్ని వాడకండి, అది జబ్బు పేరు. డాక్టర్లు ఆ నిర్ధారణకి రావాలంటే లక్షణాలు కనీసం రెండు వారాలు ఉండాలి. అలాగని నిజంగా రెండు వారాలుగా నిద్ర లేక, ఏదీ చేయబుద్ధి కాక ఉంటే "రఫ్ డే" అని కప్పిపుచ్చుకోకండి. "ఐ యామ్ నాట్ డూయింగ్ వెల్, ఐ నీడ్ హెల్ప్" అని సూటిగా చెప్పండి. తెలుగులోనే చెప్పుకోవాలంటే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416, డబ్బులేం పడవు.

ఎదుటివాళ్లు చెప్తే

మీరు చెప్పడం ఒకెత్తు, వాళ్లు చెప్పినప్పుడు అందుకోవడం ఇంకొకెత్తు. మీరు "ఇట్స్ బీన్ సచ్ ఎ లాంగ్ డే" అన్నారు, పక్క సీటావిడ "టెల్ మీ అబౌట్ ఇట్" అంది. చెప్పమంటోంది కదా అని పొద్దున్నుంచి జరిగింది మొదలుపెట్టకండి. దానర్థం "నాకు తెలియదా, నాదీ అదే పరిస్థితి" అని. తలూపి నవ్వితే చాలు. నిజంగా వినాలనుకునేవాళ్లు "డు యు వాంట్ టు టాక్ అబౌట్ ఇట్?" అని అడుగుతారు.

"సారీ టు హియర్ దట్" అంటే క్షమాపణ కాదు, "అయ్యో" అని. దానికి "మీరెందుకు సారీ చెప్పడం" అనకుండా "థాంక్స్" అంటే సరిపోతుంది. మీరు ఎవరినైనా "రఫ్ డే?" అని అడిగినప్పుడు "డోన్ట్ ఆస్క్" అంటే అది కసురుకోవడం కాదు, "అడక్కులే" అన్నట్టే, కాస్త చనువుంటే అడగొచ్చు. అదే "మాట్లాడాలనుందా?" అన్నదానికి "నాట్ రియల్లీ" అని వస్తే మాత్రం ఆగిపోండి. అది మొహమాటం కాదు, నిజంగానే వద్దని. మన ఇళ్లల్లోలాగా మూడుసార్లు అడగకుండా, ఓ కప్పు టీ తెచ్చి పక్కన పెట్టి మీ సీట్లోకి మీరు వెళ్లండి.